మైనస్ 12లో ఇంటి పులుపు: కేరీ పెరట్లో చలికి ఓర్చే నిమ్మజాతి చెట్ల కేస్ స్టడీ

స్థలం నార్త్ కరోలినాలో రాలీ పక్కనున్న కేరీ. ఇల్లు పోగా మిగిలిన వెనక పెరడు. వెనక గోడ దక్షిణానికి చూస్తుంది, కింది సగం ఇటుక కట్టుబడి. పెరడు గోడ దగ్గర ఎత్తుగా ఉండి, చివరనున్న చిన్న వాగు వైపు దిగిపోతుంది. నేల ఈ ప్రాంతమంతా ఉండే ఎర్ర బంకమట్టే, కాస్త ఆమ్ల గుణం. ఇంట్లో భార్యాభర్తలు, పిల్లలు, తెనాలి నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్న పెద్దావిడ. కోరిక పెద్దావిడది: పులిహోరకి, పప్పుకి చెట్టు మీది కాయ కావాలి, కుదిరితే దబ్బకాయ ఊరగాయ పెట్టాలి. షరతు అల్లుడిది: చెట్లు నేలలోనే ఉండాలి, నవంబర్ రాగానే కుండీలు గరాజ్‌లోకి మోసే పని తనవల్ల కాదు.

నేను ఇక్కడికి దగ్గర్లో చిన్న నర్సరీ నడుపుతాను. చలి ప్రాంతపు సిట్రస్ నా ప్రధాన వ్యాపారం కాదు గానీ ఫోన్లు మాత్రం ఎక్కువ వాటి గురించే వస్తాయి, అందులోనూ మనవాళ్ల నుంచి. ఈ పెరటి సంగతి పూర్తిగా రాయడానికి కారణం ఉంది. ఒకే నేల, ఒకే చలి, కానీ ఒక్కో చెట్టుకి ఒక్కో గతి పట్టింది. ఎందుకలా జరిగిందో చూస్తే ట్యాగ్ మీద రాసే “ఇన్ని డిగ్రీల వరకు తట్టుకుంటుంది” అన్న అంకెకి ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. నన్నడిగితే తక్కువే ఇవ్వాలి.

“ఏం బాబూ, మా వైపు గింజ విసిరేస్తే మొలిచే చెట్టు. ఇక్కడ అంత అపురూపమా?” అని మొదటి రోజే అడిగారు పెద్దావిడ.

అపురూపమే. తెనాలి, గూడూరు మార్కెట్లకు బస్తాల్లో వచ్చే మన పుల్ల నిమ్మ, సిట్రస్ కుటుంబం మొత్తంలో చలికి ముందుగా లొంగిపోయే వాటిలో ఒకటి. సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందికి పోతే చాలు, లేత కొమ్మలు నల్లబడతాయి. ఇంకాస్త దిగితే మాను పోతుంది. 2023లో అమెరికా వ్యవసాయ శాఖ విడుదల చేసిన చలి మండలాల మ్యాప్‌లో రాలీ ప్రాంతం 8ఏ జోన్‌లో ఉంది. అంటే ఏటా వచ్చే అతి చల్లని రాత్రుల సగటు మైనస్ 12.2 నుంచి మైనస్ 9.4 సెల్సియస్ మధ్య. అది సగటే, అంతకన్నా దిగే రాత్రి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. కాబట్టి ఆవిడ అడిగిన నిమ్మ నేలలో కుదరదు. నిమ్మ చేసే పని చేయగల ఇంకో కాయ వెతకాలి.

అలాంటి కాయల కోసం వెతుకులాట పాతదే. 1894 డిసెంబర్‌లో ఒకసారి, 1895 ఫిబ్రవరిలో మరోసారి వచ్చిన చలి ఫ్లోరిడా నారింజ తోటలను తుడిచిపెట్టేసింది. ఆ దెబ్బతోనే వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు వాల్టర్ స్వింగిల్, హెర్బర్ట్ వెబర్ తీపి నారింజని ట్రైఫోలియేట్‌తో సంకరం చేయడం మొదలుపెట్టారు. ట్రైఫోలియేట్ అంటే చైనా నుంచి వచ్చిన ముళ్ల చెట్టు. ఒక్కో కాడకి మూడేసి చిన్నాకులు ఉంటాయి, చలికాలంలో ఆకు రాలుస్తుంది, మైనస్ 20 దగ్గర కూడా బతుకుతుంది. కాయ మాత్రం నోట పెట్టలేం: చేదు, దాని మీద జిగురు. నారింజతో కలిపితే సిట్రేంజ్, గ్రేప్‌ఫ్రూట్‌తో కలిపితే సిట్రుమెలో, సిట్రేంజ్‌ని మళ్లీ కుమ్‌క్వాట్‌తో కలిపితే సిట్రేంజ్‌క్వాట్. 1909లో చేసిన ఆ చివరి రకం సంకరంలో ఒకటి 1923లో జార్జియాలోని థామస్‌విల్ ఊళ్లో తొలిసారి కాసింది, ఊరి పేరే దానికి స్థిరపడింది. తినే పండుగా సిట్రేంజ్‌లు జనానికి ఎక్కలేదు. కానీ ట్రాయర్, కరిజో సిట్రేంజ్‌లు, స్వింగిల్ పేరే పెట్టుకున్న సిట్రుమెలో ప్రపంచమంతా వేరుమూలాలుగా, అంటే అంటు కట్టేటప్పుడు కింద ఉంచే వేరు మొక్కలుగా, నిలిచిపోయాయి. సిట్రస్ తోటల్ని దెబ్బతీసే పచ్చబడే తెగులు (గ్రీనింగ్) వచ్చాక ట్రైఫోలియేట్ సంకరాల మీద పరిశోధకుల కన్ను మళ్లీ పడింది. దాని సంగతి కిందికి వస్తుంది.

ఈ వంశంతో సంబంధం లేకుండా చలికి ఓర్చేవీ ఉన్నాయి. ఇచాంగ్ నిమ్మ, చాంగ్‌షా కమలా, సత్సుమా అనే గింజలేని కమలా, చైనాలో పుట్టి జపాన్, కొరియాల్లో స్థిరపడ్డ యూజు. వీటిలో జిగురు ఉండదు. చలికి ఓర్చే శక్తి కూడా ట్రైఫోలియేట్ సంకరాలంత ఉండదు. ఎంత చలికి ఓర్చే చెట్టైతే కాయ అంత తక్కువ రుచి, ఈ బేరం నుంచి ఎవరూ పూర్తిగా తప్పించుకోలేదు.

మొక్క ఎక్కడిది

ఈ పనిలో సగం గెలుపోటములు మొక్క కొనే చోటే తేలిపోతాయి. పెద్దావిడకి మొదట తట్టింది అందరికీ తట్టేదే: “మా తమ్ముడు సంక్రాంతికి వస్తున్నాడు, రెండు దబ్బ కొమ్మలు తడిగుడ్డలో చుట్టి తెమ్మంటే?” వద్దమ్మా అన్నాను. సిట్రస్ కొమ్మ గానీ, మొక్క గానీ, గింజ గానీ అనుమతి లేకుండా ఈ దేశంలోకి తేకూడదు. ఈ నిబంధన ఊరికే రాలేదు. 1910 ప్రాంతంలో జపాన్ నుంచి దిగుమతి చేసుకున్న ట్రైఫోలియేట్ నారుతోనే గజ్జి తెగులు అమెరికా దక్షిణాన ఉన్న గల్ఫ్ తీర రాష్ట్రాలకి వచ్చింది. దాన్ని వదిలించుకోవడానికి లక్షల కొద్దీ చెట్లు కాల్చాల్సి వచ్చింది. 1998లో ఫ్లోరిడాలో సిల్లా అనే, చిగుళ్ల రసం పీల్చే చిన్న పురుగు కనపడింది, 2005లో అది మోసే పచ్చబడే తెగులు బయటపడింది, ఆ తర్వాత అక్కడి నారింజ పరిశ్రమ కోలుకోలేదు.

ఇక్కడ మనవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ సిల్లా పురుగుకి బాగా ఇష్టమైన చెట్లలో కరివేపాకు ఒకటి. తెగులు క్రిమి కరివేపాకులో పెరగకపోయినా, దాన్ని మోసే పురుగు మాత్రం ఆ లేత చిగుళ్లలో గుడ్లు పెట్టి హాయిగా సంసారం చేస్తుంది. ఈ ఇంట్లో వంటింటి కిటికీ దగ్గర నిలువెత్తు కరివేపాకు మొక్క ఉంది. ఎక్కడిదంటే, అల్లుడుగారి చెల్లెలు టెక్సస్ నుంచి కార్లో తెచ్చిందట. ఆ పురుగు కారణంగా టెక్సస్ మొత్తం మొక్కల క్వారంటైన్‌లో ఉంది. నేను భూతద్దం పెట్టి చిగురు చిగురూ చూశాను. పెద్ద పురుగైతే తల ఆకుకి ఆనించి, వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది; పిల్ల పురుగులు పసుపు రంగులో ఉండి, మెలికలు తిరిగిన తెల్లని మైనపు పోగులు విసర్జిస్తాయి. రెండూ లేవు. అయినా రాష్ట్ర వ్యవసాయ శాఖ వాళ్లకి చెప్పి చూపించిన తర్వాతే పెరట్లో పని మొదలుపెట్టాను. చుట్టాలింటికి కరివేపాకు మొక్క పట్టుకెళ్లడం మనకి మర్యాద, ఇక్కడ మాత్రం రాష్ట్రం దాటించే ముందు రూల్ చూసుకోవాలి.

ఇక మొక్క కొనడం. నర్సరీ వాళ్లని నేను అడిగే మొదటి మాట వెరైటీ పేరు కాదు, దేని మీద కట్టారని. మన రాయలసీమలో, నల్లగొండలో బత్తాయి అంట్లు జంబేరి మీదో రంగపూర్ నిమ్మ మీదో కడతారు. అక్కడ అదే సరైనది, ఎండకి, నేలకి తట్టుకుని చెట్టు ఊపుగా పెరుగుతుంది. చలి ప్రాంతంలో ఆ ఊపే కొంప ముంచుతుంది. ఆ వేర్లు నులివెచ్చని వారం దొరికితే చాలు చెట్టుని చిగురెత్తిస్తాయి, తర్వాత వచ్చే రాత్రి ఆ చిగురుతో పాటు కొమ్మనీ పట్టుకుపోతుంది. ట్రైఫోలియేట్ వేరు శరదృతువులోనే మందగించి పైనున్న కొమ్మని కూడా నిద్రపుచ్చుతుంది. ఒకే సత్సుమా రెండు వేర్ల మీద రెండు రకాల చెట్టు. ట్యాగ్ మీద వేరుమూలం పేరు లేకపోతే ఆ మొక్క నేను కొనను, ఎవరినీ కొననివ్వను.

రెండో ప్రశ్న తల్లిచెట్టు గురించి. అది గాజు ఇంట్లో ఉందా, బయట నేలలో ఒక గట్టి చలికాలం చూసిందా? సౌత్ కరోలినా, నార్త్ కరోలినా తీరప్రాంతంలో తమ సొంత తల్లిచెట్లు ఆరుబయట పెంచుకునే చిన్న నర్సరీలు ఉన్నాయి. రేటు ఎక్కువ, మొక్క చిన్నది, అయినా నా ఓటు వాటికే. వెచ్చని రాష్ట్రాల నుంచి వచ్చే నిగనిగలాడే పెద్ద మొక్క ఎరువుతో, వేడితో తరిమి పెంచింది. పైగా క్వారంటైన్ రాష్ట్రం నుంచి రావాలంటే అనుమతి ఉన్న నర్సరీ నుంచి సరైన కాగితాలతోనే రావాలి, అవి లేకుండా పోస్టులో వచ్చే చౌక బేరం జోలికి పోకూడదు.

యూజు విషయంలో ఈ దారి కూడా నమ్మలేకపోయాను, ఎందుకంటే యూజు పేరుతో ఏదేదో అమ్ముడవుతోంది. ఆకు కాడ చూస్తే తెలిసిపోతుంది. నిజమైన యూజుకి కాడకి రెండు పక్కలా వెడల్పైన రెక్క ఉంటుంది, ఆకు కింద ఇంకో చిన్నాకు అతికించినట్టు. ముళ్లు పొడుగ్గా ఉంటాయి, ఆకు నలిపితే వాసన నిమ్మకీ కమలాకీ మధ్యలో ఉంటుంది. మొక్క కొనే బదులు కన్నులే, అంటే అంటు కట్టడానికి పనికొచ్చే మొగ్గలే తెప్పించాను. కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ యూనివర్సిటీలో నడిచే సిట్రస్ క్లోనల్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం వాళ్లు తెగుళ్ల పరీక్ష చేసిన కన్నుల కొమ్మలు డబ్బులకి పంపుతారు. పెన్సిలంత లావు పుల్లలు, తడి తగ్గకుండా సంచిలో వస్తాయి. నా దగ్గర కుండీల్లో పెరుగుతున్న ట్రైఫోలియేట్ నారు మీద కట్టాను.

గింజ వేస్తే రాదా అని అల్లుడు అడిగాడు, జపనీస్ కొట్లో యూజు కాయ దొరికింది, నిండా గింజలే. వస్తుంది, తల్లి లాంటి మొక్కే వస్తుంది కూడా, ఎందుకంటే యూజు, చాంగ్‌షా లాంటి వాటి గింజలో మొలకలు ఎక్కువగా తల్లి కణజాలం నుంచే పుడతాయి. మన పుల్ల నిమ్మ గింజతో పెంచినా గుణం మారకపోవడం వెనక ఉన్నదీ ఇదే. చిక్కు కాపు దగ్గర. పీచ్‌కి, చెస్ట్‌నట్‌కి మూడేళ్లు, పర్సిమన్‌కి ఎనిమిదేళ్లు, తెలివితక్కువ యూజుకి పద్దెనిమిదేళ్లు అని జపాన్‌లో సామెత. పెద్దావిడ వయసు డెబ్బై దాటింది. అందుకే అంటు కట్టాం.

నాటిన తీరు

2021 ఏప్రిల్ మధ్యలో, ఆఖరి మంచు పోయాక నాటాం. ఆకురాలు కాలంలో నాటితే వేరు పట్టకముందే చలి వస్తుంది, సేల్‌లో చౌకగా దొరుకుతాయని జనం అప్పుడే కొంటారు. బంకమట్టిలో గుంట తవ్వితే అది నీళ్ల తొట్టి అయి కూర్చుంటుంది కాబట్టి ఒక్కో చెట్టుకి అడుగు ఎత్తు మట్టి దిబ్బ పోసి దాని మీద పెట్టాం.

గోడ పక్కన సత్సుమా, ఓవారి రకం, ఫ్లయింగ్ డ్రాగన్ మీద కట్టింది. ఫ్లయింగ్ డ్రాగన్ ట్రైఫోలియేట్‌లోనే వంకర కొమ్మల పొట్టి రకం. చెట్టు మనిషెత్తు దాటి పెద్దగా పోదు, చలి రాత్రి గుడ్డ కప్పడానికి వీలు. పెరడు నడుమ యూజు, థామస్‌విల్ సిట్రేంజ్‌క్వాట్, చాంగ్‌షా, ఇచాంగ్ నిమ్మ. వీటిలో థామస్‌విల్, చాంగ్‌షా రెండూ అంటు కాదు, కొమ్మ నాటి వేరు పట్టించిన సొంత వేరు మొక్కలు. నేల దాకా చచ్చినా మళ్లీ వచ్చేది అదే రకం అవుతుంది, ఆ భరోసా కోసం. వాగు దగ్గర, చల్లగాలి దిగి నిలిచిపోయే చోట, స్వింగిల్ సిట్రుమెలో. గోడ దగ్గర ఒకటి, వాగు దగ్గర ఒకటి ఉష్ణోగ్రత సెన్సార్లు బిగించాం. పెరటి రెండు చివరలకీ మధ్య ప్రశాంతమైన రాత్రి రెండు డిగ్రీల పైనే తేడా ఉంటుందని మొదటి చలికాలంలోనే తేలింది. 8ఏ జోన్ అన్న మాట ఊరికి వర్తిస్తుంది గానీ పెరటికి వర్తించదు.

జులై తర్వాత నత్రజని ఎరువు పూర్తిగా ఆపించాను. పెద్దావిడకి ఇది నచ్చలేదు. ఆగస్టులో ఆకులు కొంచెం పాలిపోయినట్టు కనపడితే చాలు, వర్మీకంపోస్టు గుప్పెడు వేయనా బాబూ అని ఫోను. వద్దమ్మా, కడుపు మాడ్చి పడుకోబెట్టాలి అనేవాణ్ని. సిట్రస్ దాదాపు 13 డిగ్రీల కిందికి వస్తే ఎదుగుదల ఆపేస్తుంది. ఆ స్థితిలో కొన్ని వారాల పాటు చల్లని రాత్రులు గడిస్తే కణాలు చక్కెరలు పోగేసుకుని గట్టిపడతాయి. నవంబర్‌లో లేత చిగురుతో ఉన్న యూజు మైనస్ 5కే దెబ్బతింటుంది, గట్టిపడిన యూజు మైనస్ 11 దాటినా మాను నిలబెట్టుకుంటుంది. రెంటి ట్యాగ్ మీదా ఒకటే అంకె.

2022 డిసెంబర్

మొదటి చలికాలం తేలిగ్గా గడిచింది. రెండోది క్రిస్మస్ ముందు వచ్చిన పెద్ద చలి. డిసెంబర్ 23 పొద్దున వర్షం, ఉన్నట్టుండి గాలి మారింది, సాయంత్రానికి సున్నా కిందికి జారిపోయింది. 24 తెల్లవారుజామున గోడ దగ్గర సెన్సార్ మైనస్ 10.5, వాగు దగ్గర మైనస్ 12.8 చూపించాయి. గాలి ఈడ్చి కొట్టింది కాబట్టి ఆ రాత్రి పల్లానికీ మెరకకీ తేడా గాలి ఆగిన తర్వాతే పెరిగింది.

సత్సుమాకి మాత్రమే రక్షణ పెట్టాం. గోడకి ఆనించి చట్రం, దాని మీద నేల దాకా మంచు గుడ్డ, లోపల పాతకాలపు క్రిస్మస్ దీపాల తీగ. ఎల్‌ఈడీ దీపాలు పనికిరావు, వాటికి వేడి ఉండదు. గుడ్డని కాండానికి చుట్టి కట్టేయడం ఇక్కడ ఎక్కువగా చూస్తాను, అది దండగ. నేలలోంచి వచ్చే వేడి లోపల నిలవాలంటే గుడ్డ అంచు నేలకి ఆనాలి, పైన రాళ్లు పెట్టాలి. ముందు రోజు మొదళ్లకి బాగా నీళ్లు పెట్టించాను, తడి నేల వేడి ఎక్కువ దాస్తుంది.

24 పొద్దున ఇంకో తిరకాసు. చలికి వాడకం పెరిగిపోయి రాష్ట్రంలో చాలా చోట్ల వంతులవారీగా కరెంటు తీశారు. వీళ్ల వీధిలోనూ పోయింది. “అన్నా, లైట్లు ఆరిపోయాయి, దుప్పట్లు తెచ్చి కప్పమంటావా?” అని అల్లుడు టెన్షన్‌గా ఫోన్. గుడ్డ ఎత్తొద్దు, అసలు ముట్టుకోవద్దు అన్నాను. లోపలి ఉష్ణోగ్రత మైనస్ 4 నుంచి మైనస్ 7కి దిగింది, అక్కడ నిలబడింది. మిగతాది ఇటుక గోడ చూసుకుంది. సత్సుమా మైనస్ 7కి చావదు, వేరు, నిద్ర రెండూ సరిగ్గా ఉంటే.

దెబ్బ ఎంత తగిలిందో తెలియడానికి రెండు వారాలు పట్టింది. కత్తెర తీయకుండా ఆకులు చూడమన్నాను. చలి తగిలిన ఆకు కాడతో సహా రాలిపోతే కొమ్మ బతికున్నట్టు, ఎందుకంటే ఆకుని వదిలించుకోవడానికి కొమ్మలో ప్రాణం ఉండాలి. ఆకు ఎండి, చుట్టుకుపోయి కొమ్మకే వేలాడుతుంటే ఆ కొమ్మ పోయింది. గోటితో బెరడు గీకి పచ్చదనం చూసే పద్ధతి కంటే ఇది నమ్మకం, గోటి పరీక్ష జనవరిలో చచ్చిన కొమ్మని కూడా పచ్చగానే చూపిస్తుంది.

సిట్రుమెలో ఆకులన్నీ శుభ్రంగా రాల్చి నిలబడింది. అది అసలు లెక్కలోకి తీసుకోలేదు ఆ చలిని. యూజు కూడా రాల్చింది, కొమ్మల చివర్లు జానెడు పోయాయి. చాంగ్‌షా ఆ ఏడు పెరిగిన పచ్చ కొమ్మంతా పోగొట్టుకుంది, ముదురు కొమ్మ మిగిలింది. థామస్‌విల్ బయటి కొమ్మలు పోయి గుబురు మిగిలింది. ఇచాంగ్ నిమ్మ మోకాలెత్తు దాకా చచ్చింది. అన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది దాని మీదే, దబ్బకాయకి దగ్గరి రూపం కాబట్టి. గుడ్డ కింది సత్సుమా ఆకు కూడా పెద్దగా రాల్చలేదు.

ఇక్కడి వరకు ట్యాగ్ అంకెలు దాదాపు నిజమే చెప్పినట్టు కనపడుతుంది. తర్వాతి మూడు నెలలు ఆ వరస తారుమారు చేశాయి.

2023 ఫిబ్రవరి ఇక్కడ వేసవిలా గడిచింది. ట్రైఫోలియేట్ రక్తం ఎక్కువున్న చెట్లు పెందలాడే పడుకుని పెందలాడే లేస్తాయి. సిట్రుమెలో ఫిబ్రవరి ఆఖరుకే మొగ్గ వేసింది, ట్రైఫోలియేట్ వేరు మీదున్న యూజు చిగుళ్లు కూడా వేలెడు సాగాయి. మార్చి మధ్యలో మైనస్ 3 వచ్చింది. డిసెంబర్‌లో వచ్చిన దాంతో పోలిస్తే ఇది చలే కాదు. సిట్రుమెలో మొగ్గలన్నీ మాడిపోయాయి, ఆ ఏడాది దానికి కాపు లేదు. యూజు కొత్త చిగుళ్లన్నీ నల్లబడ్డాయి, మళ్లీ చిగురించడానికి మే దాకా ఆగింది. థామస్‌విల్ మాత్రం కదల్లేదు. దానిలో సగం రక్తం కుమ్‌క్వాట్‌ది, కుమ్‌క్వాట్ వారాల తరబడి వెచ్చగా ఉన్నా చిగురెత్తని మొండిది. ఏప్రిల్‌లో నింపాదిగా లేచి, జూన్‌లో పూసి, సెప్టెంబర్‌లో కాసింది. మైనస్ 12ని లెక్కచేయని చెట్టు మైనస్ 3కి కాపు పోగొట్టుకుంది. డిసెంబర్‌లో కొమ్మలు పోగొట్టుకున్నది ఆ ఏడాది కాయలిచ్చింది. కరోలినాల లాంటి చోట, చలికాలం మధ్యలో వేసవి తొంగిచూసే చోట, చెట్టు ఎంత చలికి ఓర్చుకుంటుందో కంటే ఎంత ఆలస్యంగా లేస్తుందో చూసి కొనాలి. ఇది ఏ ట్యాగ్ మీదా రాయరు.

వంటింటి తీర్పు

థామస్‌విల్ కాయ కోడిగుడ్డు కంటే చిన్నది, తొక్క పల్చన, పచ్చిగా కోస్తే రసం బాగానే ఉంటుంది. పూర్తిగా పండనిస్తే పులుపు కొంత తగ్గుతుంది, కాబట్టి నిమ్మ పనికి పచ్చిదే కోయాలి. పెద్దావిడ మొదటి కాయలతో పులిహోర కలిపారు. “వాసన నిమ్మది కాదు బాబూ, పులుపు మాత్రం సరిపోయింది. పచ్చిమిర్చి ఒకటి ఎక్కువేస్తే తెలీదు,” అన్నారు. నా దృష్టిలో ఇంతకంటే మంచి సర్టిఫికెట్ అక్కర్లేదు.

యూజు రసం కోసం పెంచే కాయ కాదని ఆవిడకి ముందే చెప్పాను. కోస్తే గింజలు, మందపాటి తొక్క, చెంచాడు రసం. జపాన్‌లో తొక్క వాసన కోసమే వాడతారు, చలికాలంలో స్నానం నీళ్లలో వేసుకుంటారు. 2024లో తొలి కాపు రాగానే ఆవిడ దాన్ని ముక్కలు కోసి, ఉప్పులో ఊరవేసి, డెక్ మీద ఎండబెట్టి, నిమ్మకాయ ఊరగాయ పెట్టేశారు. తొక్క మందంగా ఉండడం ఊరగాయకి కలిసొచ్చింది. నేను తిన్న యూజు వంటకాల్లో అది ముందు వరసలో ఉంటుంది. సిట్రుమెలో కూడా అదే ఏడు కాసింది. కాయ రూపం అచ్చంగా చిన్న దబ్బకాయ, రసం పుష్కలం, వెనక చేదు. అల్లుడు, పిల్లలు ముట్టుకోలేదు. దబ్బకాయకీ చేదు ఉంటుంది కదా అని పెద్దావిడ ఉప్పులో రెండింతలు రోజులు నానబెట్టి, బెల్లం కాస్త ఎక్కువేసి ఊరగాయ పెట్టారు. చేదు తగ్గింది, జిగురు వాసన పోలేదు. ఆవిడ ఒక్కరే తింటున్నారు, దబ్బకాయ ఊరగాయ అనే పిలుస్తున్నారు.

సత్సుమా గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నవంబర్‌లో పండుతుంది, గింజ ఉండదు, పిల్లలు చెట్టు దగ్గరే ఒలుచుకు తినేస్తారు. పెద్ద చలి రాకముందే కోత అయిపోవడం దాని అదృష్టం.

మూడాకుల చిగురు

ఈ పెరట్లో నేను నాటని చెట్టు ఒకటుంది. 2022 అక్టోబర్‌లో అల్లుడు ఒక పెద్ద స్టోర్‌లో తగ్గింపు ధరకి ఇంకో సత్సుమా కొని వాగు దగ్గర నాటాడు. ట్యాగ్ మీద రకం పేరు, పండు బొమ్మ తప్ప ఇంకేం లేదు. డిసెంబర్‌లో అది నేల దాకా పోయింది. మే నెలలో వాట్సాప్‌లో ఫోటో వచ్చింది: “అన్నా, బతికింది! చూడు ఎంత ఊపుగా వస్తోందో.” నిజంగానే మోచేయంత పొడుగు కొమ్మలు, నిండా ముళ్లు. ఆకు పెద్దది చేసి చూశాను. ప్రతి కాడకీ మూడేసి చిన్నాకులు. పైన కట్టిన సత్సుమా చచ్చిపోయింది, కింద ఉన్న ట్రైఫోలియేట్ వేరు లేచింది. ఈ చుట్టుపక్కల మనవాళ్ల పెరళ్లలో ఇలాంటి చెట్లు చాలానే చూశాను. ఏళ్ల తరబడి నీళ్లు పోసి, కాసిన చేదు కాయని చూసి అమెరికాలో నిమ్మకాయ ఇంతేనేమో అనుకుంటారు. ఒక జాగ్రత్త ఏమిటంటే, మూడాకులు కనపడగానే వేరుమూలం అనుకోకూడదు. సిట్రేంజ్‌కి, సిట్రుమెలోకి కూడా మూడాకులే, థామస్‌విల్‌కి ఒకే కొమ్మ మీద ఒకటి, రెండు, మూడు కలగలిసి వస్తాయి. చిగురు అంటు కట్టిన కణుపుకి పైన పుట్టిందా కింద పుట్టిందా అన్నదే చూడాలి.

పీకేస్తానన్నాడు. వద్దన్నాను. మంచి వేరు, నేలలో కుదురుకుంది, చలికి తట్టుకుని నిలబడింది. కొమ్మల్లో ఒకదాన్ని ఉంచి మిగతావి కోసేశాం. ఆగస్టు ఆఖర్లో బెరడు తేలిగ్గా విడివడుతున్నప్పుడు టీ ఆకారంలో గాటు పెట్టి, పక్కనున్న థామస్‌విల్ కన్ను ఎక్కించి టేపు చుట్టాను. మూడు వారాలకి టేపు విప్పితే కన్ను పచ్చగా ఉంది, కాడ తుంపు ముట్టుకోగానే రాలిపోయింది, అంటే పట్టినట్టే. ఆ శరదృతువులో దాన్ని కదిలించలేదు, 2024 వసంతంలో కన్నుకి పైనున్న కొమ్మ కోసేశాం.

2025 జనవరిలో గల్ఫ్ తీరంలో న్యూ ఆర్లీన్స్ మీద కూడా మంచు పేరుకున్న వారంలో ఇక్కడా గట్టి చలే పడింది. కొత్త అంటుకి గుడ్డ కప్పలేదు, మొదలు చుట్టూ కణుపు మునిగేదాకా మట్టి ఎగదోసి ఫిబ్రవరి ఆఖర్లో తీసేశాం. చివరి కొమ్మలు కొద్దిగా పోయాయి. ఇప్పుడు ఒకే రకం చెట్టు పెరట్లో సొంత వేరు మీద ఒకటి, ట్రైఫోలియేట్ వేరు మీద ఒకటి ఉంది. వసంతంలో ఏది ముందు లేస్తుందో రాసి పెట్టమని అల్లుడికి చెప్పాను. ఇచాంగ్ నిమ్మ మోకాలెత్తు నుంచి మళ్లీ పెరిగింది గానీ ఇంకా పూత లేదు. ఈసారి దాన్ని గోడ దగ్గరికి మార్చాలా, సత్సుమా పక్కన చోటు చాలుతుందా అన్నది పెద్దావిడకీ అల్లుడికీ మధ్య తేలాల్సి ఉంది.